పదకొండు వందల ఏడు

షార్జా సనాయియాల మా గదికి నంబరు లేదు.
తలుపు మీద మార్కరుతోని ఎవరో గీసిన ఒంటె,
అదే అడ్రస్.

ఏదో హోటల్ల పాత టీవీలు పీకేసిన దినం
ఏసీ పనికి పోయిన రాజేశం
నలభై మూడించుల దాన్ని దుప్పట్ల సుట్టి
బాలింత బిడ్డను తెచ్చినట్టు తెచ్చిండు.
స్విచ్ వేస్తే నీలం తెర మీద ఇంగ్లీషుల
'స్వాగతం, గది 1107. హాయిగా ఉండండి.'
మూడు ఇనుప మంచాలు, మీదొకడు కిందొకడు,
ఆరుగురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.
షిహాబ్ లేచి తెరకు సలాం కొట్టిండు.

కంప్యూటరేమో లింబాద్రిది.
రోల్లాల పాత సామాన్ల దుకాణంల
మూడు నెలల ఓవర్‌టైం పోసి కొన్న డబ్బ.
మానిటర్‌కు పైసలు మిగల్లే.
ఒక్క వైరు, ఇటు కొస దీంట్ల, అటు కొస దాంట్ల,
అయిపాయె.

ఆట ఒక్కటే. లారీ నడుపుడు.
అసలు లారీ నడపాలంటే లైసెన్సు కావాలె,
ఐదుసార్లు ఫెయిలైండు.
ఎంత కట్టిండో మంచం కింది రసీదులకే ఎరుక.

మొదటి రాత్రే తెలిసింది
ఈ టీవీ బొమ్మను నాలుగు దిక్కుల కొరుక్కతింటదని.
స్పీడు ముల్లు కింద ఎటో పోయింది. అద్దం సగమే.
అక్షరాలు వానల తడిసిన కాయితం లెక్క.
"ఎంత స్పీడుల పోతున్నవో నీకన్న తెలుసా?"
"ఇంజను సప్పుడు ఇంటున్న," అన్నడు.
ఆ సప్పుడుకు కూడా హోటలోళ్లు
ఇరవై కాడ తాళమేసిన్రు.
నైట్ డ్యూటీ దిగి పండుకునే గంగాధర్‌కు మేలే అయింది.

అసలు తిప్పలు వేరే.
బ్రేకు ఒత్తుతడు, లారీ ఆగదు.
ఆగుతది, కాని జరంత ఆగి ఆగుతది.
రెప్ప కొట్టేంత కూడా ఉండదు ఆ జరంత,
గోడకు గుద్దనీకి గంత సాలు.

చెయ్యి మెల్లగ నేర్చింది.
మలుపు రాకముందే తిప్పుడు,
గోడ అందకముందే ఆపుడు.
వీడియో కాల్ల బిడ్డ నవ్వకముందే నవ్వుడు
అతనికి ముందునుంచే అలవాటుండె.
నెల తిరిగేసరికి
ట్రైలర్‌ను గీతల నడుమ వెనక్కి పెట్టుతుంటే
పక్క గది జర్వలీ, ఇరవై ఏండ్ల డ్రైవరు,
చాయ్ గ్లాసు పట్టుకొని తల ఊపిండు.

ఆరోసారి టెస్టు.
"సిగ్నల్ పచ్చగుంటే ఎందుకాపినవ్?"
ఆఫీసరు అడిగిండంట.
అరబ్బీల జవాబు రాలే, హిందీల రాలే.
గదికొచ్చినంక తెలుగుల కూడ రాలే.

ఆ రాత్రి షిహాబ్ ఫోన్ల ఏదో చూసుకుంట
టీవీ ఎన్క బొత్తాలు ఒత్తి ఒత్తి
హోటల్ తాళం పలగ్గొట్టిండు.
మెనూల మెనూ, దాని కడుపుల ఇంకో మెనూ,
అడుగున 'గేమ్ మోడ్'.
ఇంకోటేదో మార్చిండు, తెర ఊపిరిడిసినట్టు
అంచులన్ని బయటికొచ్చినయి.
స్పీడు ముల్లు. నిండు అద్దం. అద్దంల ఎన్కొస్తున్న బండి.
ఇన్ని దినాలు ఆడనే ఉన్నయంట.

లింబాద్రి కూసుండి బ్రేకు ఒత్తిండు.
ఆగింది.
ఒత్తంగనే ఆగింది.
గీత ఇంక లారీ పొడుగు దూరముంది.
మళ్ల. మళ్ల. మళ్ల.
"ఖరాబ్ చేసిన్రు కదరా," అన్నడు,
టీవీని చూసి కాదు, తన చెయ్యిని చూసి.

నేర్వనీకి నెల పట్టింది.
నేర్సింది ఇడవనీకి రెండు.

ఏడోసారి పాసైండు.
ఇప్పుడు రస్ అల్ ఖైమా గుట్టల కాడికెల్లి కంకర మోస్తడు.
డబ్బ తీస్కపోయిండు, టీవీ మాకిడిసిండు.

స్విచ్ వేస్తే ఇప్పుడు స్వాగతం రాదు,
తాళంతోని అది కూడ పోయింది.
'సిగ్నల్ లేదు' అంటది, అంతే.
ఒకనాడు చూస్తే తలుపు మీద ఒంటె పక్కన
1107 అని రాసుంది. ఎవరని ఎవరూ అడగలే.

బిర్యానీ తెచ్చిన పిలగాడు కిందికెల్లి ఫోన్ చేస్తడు,
పదకొండో అంతస్తు ఏడున్నది భాయ్ అని.
మా బిల్డింగుకు ఉన్నయే రెండు.